గొడ్డుకారం బ్యాండు కోసం పల్నాడు దాకా

పల్నాడు నుంచి తిరిగొచ్చి నెల కావస్తోంది. వెంట తెచ్చుకున్న పండుమిరప పచ్చడి సీసా సగానికి వచ్చింది. విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చినవాళ్ళు దాంతో ఒక ముద్ద తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "ఇంతకీ అంత దూరం ఎందుకెళ్ళావు, అక్కడ చూడ్డానికి ఏముంది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడంకన్నా రాయడం నయమనిపించింది.

మేం ముగ్గురం హైదరాబాదులో ఒక బ్యాండు నడిపాం. పేరు గొడ్డుకారం. మాది పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా కాదు. కీబోర్డులు, లాప్‌టాప్, ఎక్కడెక్కడో రికార్డు చేసి తెచ్చిన చప్పుళ్ళు, వీటితో సొంత పాటలు కట్టుకునేవాళ్ళం. సింథసైజర్ కోటిది. అసలు పేరు కోటేశ్వరరావు, ఊరు నరసరావుపేట. తాళం మోషేది, అతని ఊరు దాచేపల్లి దగ్గర. గొంతు నాది. వెనక కంపెనీ ఏదీ లేదు. అద్దెగది గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళం.

మొదటి ఆల్బం పేరు 'కల్లం'. మిరపకాయలు ఎండబోసే కల్లం ఎలా ఉంటుందో నేనప్పటికి చూడలేదు. చూడకుండానే పాడాను. మోషే సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా ఫోనులో చప్పుళ్ళు పట్టుకొచ్చేవాడు. నాపరాళ్ళకు నునుపు పెట్టే మిషను, ఎండిన కాయల్ని తిరగేస్తుంటే వచ్చే గలగల, గాలికి కొట్టుకునే లారీ పట్టా. వాటిని ముక్కలు చేసి, అతికించి, తాళంగా మార్చేవాడు. దానిమీద కోటి సన్నటి పొడుగాటి స్వరాలు పరిచేవాడు. నేను గొంతు పెంచకుండా, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడేదాన్ని.

వినేవాళ్ళు తక్కువే గానీ, విన్నవాళ్ళు వదల్లేదు. పుణెలో, కొచ్చిలో తెలుగు ముక్క రానివాళ్ళు హాల్లో కళ్ళు మూసుకుని మా పాటలకు ఊగుతుంటే మాకే ఆశ్చర్యంగా ఉండేది. రెండో ఆల్బం కూడా బాగానే వెళ్ళింది. మూడోది సగంలో ఉండగా మోషే ఒకరోజు సామాను సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. ఆ తర్వాత కోటి వెళ్ళాడు. నేను విశాఖ వచ్చి స్కూల్లో సంగీతం టీచరుగా చేరాను. ఆరేళ్ళయింది.

మొన్న ఫిబ్రవరిలో బెంగళూరు సంగీతోత్సవం వాళ్ళు రాశారు. 'కల్లం' మొదటి పాట నుంచి చివరి పాట దాకా ముగ్గురూ కలిసి వాయిస్తారా అని. కోటికి ఫోన్ చేస్తే, "మోషేగాడొస్తే చూద్దాం" అన్నాడు. మోషే ఫోనెత్తడు. మెసేజ్ పెడితే "పనులున్నయ్ శిరీ, తర్వాత" అని జవాబు. అందుకే స్కూలుకు సెలవు పెట్టి రైలెక్కాను.

నరసరావుపేట

గుంటూరులో రైలు దిగి బస్సెక్కాను. నరసరావుపేట చేరేసరికి కోటప్పకొండ తిరునాళ్ళ సందడి అప్పుడే అణిగింది. ఊళ్ళోకి తిరిగొస్తున్న ప్రభల కర్రలు ట్రాక్టర్ల మీద కనబడ్డాయి. ప్రభ అంటే మా వైపు వాళ్ళకు తెలియదు. నాలుగైదు అంతస్తుల ఎత్తున కట్టి, వేల బల్బులు పెట్టి, కొండకు తీసుకెళ్ళే కట్టడం. కోటి చిన్నప్పుడు ఆ బల్బుల వెనక వైర్లు కలుపుతూనే కరెంటు పని నేర్చుకున్నాడట. ఇప్పుడు అదే వాడి వ్యాపారం. ప్రభలకూ పెళ్ళిళ్ళకూ లైట్లు అద్దెకిస్తాడు.

షాపు ముందు నన్ను చూసి నవ్వాడు. పొట్ట వచ్చింది, జుట్టు ముందువైపు పలచబడింది.

"ఎండలో ఏందే ఇట్టా వచ్చావ్? ముందు అన్నం తిను," అని మెస్సుకు తీసుకెళ్ళాడు.

మా విశాఖలో భోజనానికి కూర్చుంటే ముందు పప్పు వస్తుంది. ఇక్కడ ముందు కారప్పొడి వచ్చింది, దానిమీద నెయ్యి. వంద రూపాయల భోజనంలో గోంగూర రెండుసార్లు వడ్డించారు. మూడో ముద్దకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డించే ఆవిడ చూసి, "పెరుగెయ్యనా?" అని, నేను జవాబు చెప్పేలోపే పోసేసింది. నన్నడగకుండానే గోంగూర గిన్నె కూడా తీసుకెళ్ళిపోయింది.

షాపులో వెనక గదిలో, లైట్ల దండల చుట్టల కింద, కోటి సింథసైజర్ ఉంది. పాత చొక్కా కప్పి ఉంది.

"వాయిస్తున్నావా?"

"అప్పుడప్పుడు ప్లగ్గు పెట్టి పనిచేస్తందో లేదో చూస్తా. వాయించను."

టీ తాగుతూ మోషే సంగతి వాడే ఎత్తాడు. హైదరాబాదులో మా చివరి కచేరీ. ఆ రోజు మోషే తాళం మాటిమాటికీ తప్పింది. నా పాట ఒకదారి, అతని తాళం ఇంకోదారి. వేదిక దిగి వైర్లు చుట్టుకుంటున్నప్పుడు కోటి అతన్ని తిట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమన్నా నేను? 'ఏరా, చెవుడా నీకు' అన్నా. అంతేగా. ఇంతకన్నా పెద్దమాటలు ఎన్ని అనుకోలా మేము? ఆ ఒక్క మాటకి బ్యాండు ఒదిలేసి పోతాడా? ఆరేళ్ళు ఫోనెత్తడా?"

"నువ్వెళ్ళి ఒకసారి కలవొచ్చుగా. గంటన్నర దూరం."

"అలిగింది ఆడు. ఆడే రావాల." గ్లాసు కింద పెట్టాడు. "రేపు పోతావుగా. వచ్చేట్టుంటే ఫోన్ చెయ్యి. బెంగళూరు టికెట్లు నేనే తీస్తా."

అలిగినవాడిమీద అంత ఆశ పెట్టుకున్నవాడిని నేనింకెక్కడా చూడలేదు.

పిడుగురాళ్ళ బస్సు

మర్నాడు పొద్దున బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ టికెట్టు తీసుకోకముందే నా పేరు, ఊరు, జీతం, పెళ్ళి కాకపోవడానికి కారణం అన్నీ కనుక్కుంది. మా వైపు ఇవన్నీ అడగడానికి కనీసం ఇచ్ఛాపురం దాకా ప్రయాణం కావాలి.

"ఏం పాటలు పాడతావమ్మాయ్?"

"ఎలక్ట్రానిక్ సంగీతం పెద్దమ్మా. మిషన్లతో, కంప్యూటర్‌తో."

"కరెంటు పోతే?"

"పాట ఉండదు."

ఆమె జాలిగా చూసి సంచిలోంచి జామకాయ తీసిచ్చింది. కొరికాక తెలిసింది, దానికీ కారం అద్దే ఉందని.

దారి పొడుగునా కల్లాలు. నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఆడవాళ్ళు మొహానికి గుడ్డలు కట్టుకుని, వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కిటికీలోంచి వచ్చిన ఘాటుకు దగ్గు పట్టుకుంది. బస్సులో ఇంకెవరూ దగ్గడం లేదు. నేను పాడిన కల్లంలో గాలి చల్లగా ఉంటుంది, సాయంత్రం ఉంటుంది. నడుం నొప్పి లేదు, దగ్గు లేదు. ఆ పాటను ఈ ఆడవాళ్ళు ఎవరైనా విని ఉంటే ఏమనుకునేవాళ్ళో. బస్సు దిగి ఒకరినైనా పలకరించాలనిపించింది. దిగలేదు.

దాచేపల్లి

దాచేపల్లిలో రోడ్డుమీద దుమ్ము తెల్లగా ఉంటుంది. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి. ఊరు దాటాక నాపరాయి పాలిష్ చేసే షెడ్లు వరసగా ఉన్నాయి. మోషే పనిచేసే షెడ్డు ఏదో కనుక్కోవడానికి మూడుచోట్ల అడగాల్సి వచ్చింది. మిషన్ల రొదలో ఎవరికీ నా మాట వినపడదు. అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. రాయి ఎత్తమంటే ఒక సైగ, నీళ్ళు ఆపమంటే ఒకటి, టీ వచ్చిందంటే ఇంకొకటి.

మోషే అక్కడ సూపర్‌వైజరు. ఒంటినిండా రాతిదుమ్ము. నన్ను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు నిలబడి, తర్వాత రెండు చేతులూ తుడుచుకుంటూ వచ్చాడు.

"శిరీ," అన్నాడు. గొంతు చాలా పెద్దగా ఉంది. "ఎట్టా వచ్చావ్?"

రొద వల్ల అనుకున్నాను. వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టాను. అతను నా కళ్ళలోకి చూడకుండా నా నోటివైపే చూస్తున్నాడు. బెంగళూరు, 'కల్లం', ముగ్గురం అని నేను చెబుతుండగా కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మోషే మాత్రం మొహం చిట్లించి, అరచేత్తో చెవి అదిమి పట్టుకున్నాడు.

"ఏమైంది?"

అతను ఇటు తిరగలేదు. భుజం తట్టాను. తిరిగాడు.

"నిశ్శబ్దంగా ఉంటే ఎక్కువ మోగిద్ది," అన్నాడు, అదే పెద్ద గొంతుతో.

నాపరాళ్ళ దొంతర మీద కూర్చున్నాం. ఎండకు కాలిన రాయి, ఎగిరి లేచాను. మోషే నవ్వి, తడిగోనె తెచ్చి పరిచాడు. అప్పుడు చెప్పాడు.

రెండో ఆల్బం చేస్తున్నప్పుడే మొదలైందట. ముందు కుడిచెవిలో ఒక కూత. హెడ్‌ఫోన్లు ఎక్కువ వాడటం వల్ల అనుకున్నాడు. తర్వాత మాటలు మసకబారడం మొదలైంది. చివరి కచేరీనాటికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. వేదికమీద నా పాట తనకు వినపడలేదు. నా పెదాలు చూసి తాళం వేశాడు. నేను అటు తిరిగినప్పుడల్లా తాళం తప్పింది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఉన్నా. ఆ కచేరీ అవగానే చెబుదామని. ఈలోపు కోటిగాడే అడిగాడుగా, చెవుడా అని." నేలమీది రాతిపొడిని కాలితో అటూ ఇటూ నెట్టాడు. "ఆడు ఊరకనే అన్నాడని తెలుసు నాకు. తిట్టినా అన్లా. కానీ అది నిజమైపోయిందిగా. అవునురా అని ఎట్టా చెప్పేది? నోరు రాలా."

ఇప్పుడు చెవిలో రాత్రింబగళ్ళు ఒకటే స్వరం మోగుతుందట. అది ఏ స్వరమో కూడా చెప్పాడు, కోటి కీబోర్డుమీద ఎన్నో నల్లమెట్టో. వేరే శ్రుతిలో ఉన్న పాట ఏది విన్నా దానిపక్కన అపస్వరంగా తగులుతుంది.

"మన పాటలు పెట్టుకుని చూశా, మొదట్లో. ఒక్కటీ నిలబడలా. నేను చేసిన తాళాలే నాకు అసయ్యంగా వినపడ్డయ్. మానేశా."

ఫోనెందుకు ఎత్తడో అప్పుడర్థమైంది. కరెంటు వచ్చింది. మిషన్లు మొదలయ్యాయి. మోషే మొహం తేటపడింది. అతను లేచి, దూరంగా ఉన్న మనిషికి ఏదో సైగ చేశాడు. ఆ మనిషి తల ఊపాడు. ఆ షెడ్డులో అతనికీ మిగతావాళ్ళకూ తేడా ఏమీ లేదు.

గురజాల

సాయంత్రం తన బండిమీద గురజాలలో ఇంటికి తీసుకెళ్ళాడు. భార్య సుజాత ఆసుపత్రిలో నర్సు. నాటుకోడి కూర వండింది. నాకోసం కారం తగ్గించానంది. తగ్గించాక కూడా నేను మజ్జిగ అడిగి తాగాను. గోడమీద క్రీస్తు పటం పక్కన మా బ్యాండు ఫోటో ఉంది. ముగ్గురం నవ్వుతున్నాం, ఎందుకో గుర్తులేదు.

మోషే స్నానానికి వెళ్ళినప్పుడు సుజాత నా ఎదురుగా కూర్చుంది.

"గుంటూరు చూపించాం, హైదరాబాదు చూపించాం అక్కా. చెవిమిషను పెట్టించాం. మాటలు కొంచెం వినపడతయ్ గానీ పాట పెడితే రేకుడబ్బాలో రాళ్ళు పోసినట్టుందంటాడు. తీసి బీరువాలో పడేశాడు. ఆదివారం చర్చికొస్తాడు. అందరూ పాడతంటే నోరు కదిలిస్తాడు, పాడడు." పమిటచెంగు వేలికి చుట్టుకుంది. "మీ ఇద్దర్లో ఒక్కరన్నా ఒక్కసారి ఇంటికొచ్చుంటే అప్పుడే తెలిసేదిగా. వస్తారని చూసేవాడు. బస్సు దిగినోళ్ళల్లో వెతుక్కునేవాడు, మొదటి ఏడాదంతా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అన్నాలయ్యాక బెంగళూరు సంగతి మళ్ళీ ఎత్తాను. కావాలంటే వేదికమీద ఊరికే కూర్చోవచ్చని, పాత తాళాలు కంప్యూటర్ వాయిస్తుందని అన్నాను. మోషే నా పెదాలు చూసి ఓపిగ్గా విన్నాడు.

"వాయించే మిషను ఉన్నప్పుడు నేనెందుకు శిరీ? బొమ్మలాగానా?"

బెంగళూరు మాట వదిలేశాను. కోటికి చెప్పమంటావా అని మాత్రం అడిగాను.

"చెప్పు. ఎన్నాళ్ళు దాస్తా. ఏడవబాక అని కూడా చెప్పు."

వరండాలోకి వచ్చి కోటికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "ఆ మాటే అన్నానుగా నేను," అన్నాడు చివరికి. ఫోను పెట్టలేదు. షాపు ముందు వెళుతున్న ఆటోల చప్పుడు కొంతసేపు వినిపించింది.

మాచర్ల

పొద్దున్నే కోటి మెసేజ్: బండిమీద వస్తున్నా, మాచర్లలో కలవండి. మోషే వెనక కూర్చుని నేనూ బయల్దేరాను. రెంటచింతల దాటేసరికే ఎండ చురుక్కుమంటోంది. మార్చిలోనే ఇట్లా ఉంటే మేలో వీళ్ళెలా బతుకుతారని అడగబోయి, అతనికి వెనకనుంచి వినపడదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మాచర్లలో ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. జొన్నరొట్టె, పచ్చిమిర్చి పచ్చడి. కృష్ణ అవతలే తెలంగాణ. బండి ఆమె మాటలో రెండు వైపుల యాసా ఉంది. మోషే రొట్టె తుంచుకుంటుండగా కోటి వచ్చాడు. బండి దిగి, వెనకనుంచి, "మోషే," అని పిలిచాడు. మోషే తింటూనే ఉన్నాడు. "ఒరేయ్ మోషే." మోషే తిరగలేదు.

కోటి అక్కడే ఆగిపోయాడు. ఫోన్లో విన్నది అప్పుడు కళ్ళతో చూశాడు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి మోషే ఎదురుగా నిలబడ్డాడు.

"ఏరా, లావయ్యావ్," అన్నాడు మోషే.

"నీకు కండలొచ్చినయ్," అన్నాడు కోటి.

అంతే. ఇద్దరూ ఒకే పళ్ళెంలో రొట్టె తిన్నారు. ప్రభల గురించి, నాపరాళ్ళ గురించి, ఈ ఏడు మిరప ధర పడిపోవడం గురించి మాట్లాడుకున్నారు. కోటి ప్రతి మాటకూ ముందు మోషే తనవైపు చూస్తున్నాడో లేదో చూసుకున్నాడు. ఆరేళ్ళ కిందట మోషేకి ఎంతో అవసరమైన జాగ్రత్త అది.

అక్కడే బెంచీమీద కూర్చుని బెంగళూరు వాళ్ళకు జవాబు రాశాను. మేం రాలేమని, మమ్మల్ని గుర్తుపెట్టుకున్నందుకు సంతోషమని. కారణం రాయలేదు. పంపేముందు ఇద్దరికీ చూపించాను. కోటి చదివి తల తిప్పుకున్నాడు. మోషే చదివి, "పంపించు," అన్నాడు.

ఎత్తిపోతల

అక్కడికి వెళదామన్నది మోషేనే. నెలకోసారైనా ఒక్కడే వెళ్ళి వస్తాడట.

జలపాతం దగ్గర ఆ రోజు జనం పెద్దగా లేరు. ఒక స్కూలు పిల్లల గుంపు, కొత్తగా పెళ్ళయిన ఒక జంట. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతున్నారు, ముప్ఫై రూపాయలు. బేరమాడితే, "సాగర్ పోయి కొనుక్కో," అంది అమ్మే ఆమె. దూరంగా నిలబడి చూసే వేదికకు ఇనుప కమ్మీలున్నాయి. వేసవి వచ్చేసి నీళ్ళు కొంచెం తగ్గాయి. అయినా లోయంతా హోరు. పక్క మనిషి మాట వినాలంటే చెవిలో అరవాలి.

మోషే కమ్మీలు పట్టుకుని నిలబడి, మా ఇద్దరివైపు తిరిగి చెప్పాడు.

"ఇక్కడ ఆ కూత వినపడదు. నీళ్ళ హోరులో మునిగిపోయిద్ది. ఇంకెక్కడా పూర్తిగా పోదు, ఇక్కడొక్కచోటే పోయిద్ది." మళ్ళీ నీళ్ళవైపు తిరుగుతూ అన్నాడు. "దాంతోపాటు మీరూ పోతారనుకో."

కళ్ళు మూసుకున్నాడు. నుదుటిమీది ముడత విడిపోయింది. దాచేపల్లిలో, గురజాలలో, మాచర్లలో ఎక్కడా అతని మొహం అంత హాయిగా లేదు.

కోటి అతని పక్కకు చేరాడు. కమ్మీమీద మోషే చేతి పక్కన తన చెయ్యి పెట్టి, ఎడమచెవి దగ్గరకు వంగి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు రెండడుగుల దూరం, అయినా ఒక్క ముక్క వినపడలేదు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి ఆగి, మొహం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మోషే కళ్ళు తెరవలేదు. మొహంలో ఏ మార్పూ లేదు. నీళ్ళ తుంపర వాళ్ళిద్దరి మీదా పడుతోంది.

కోటి చెప్పడం ముగించి నావైపు చూశాడు. విన్నాడంటావా అని కళ్ళతోనే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

చెవి దగ్గర ఊపిరి తగలడం ఆగినందుకేమో, కొద్దిసేపటికి మోషే కళ్ళు తెరిచాడు. కోటివైపు తిరిగాడు.

"ఏందిరా? ఏమన్నా అన్నావా?"

కోటి అతని మొహంలోకి చూశాడు. కుడిచెయ్యి ఎత్తి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటున్నట్టు సైగ చేశాడు.

"ఆకలయితందా?" అని నవ్వాడు మోషే. "సరే పదండి, చేపలు తిందాం."